సన్న కేబుల్ తరఫున నాలుగు మాటలు

హామ్‌లు, అంటే సరదా కోసం లైసెన్సు తీసుకుని రేడియో నడిపేవాళ్ళు, తమ రేడియో గదిని 'షాక్' అంటారు, ఇంగ్లీషులో గుడిసె అని. ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు చాలాకాలం తెలీలేదు. రేడియోకీ ఆంటెనాకీ మధ్య సిగ్నల్ మోసే కోయాక్సియల్ కేబుళ్ళ నష్టాల పట్టిక మొదటిసారి చదివిన రోజున తెలిసింది.

ఆ పట్టిక చేత్తో పట్టుకుని సన్న కేబుల్‌ని, అంటే మన ఆర్‌జీ 58ని, ఆడిపోసుకోవడం హామ్‌లకి అలవాటైపోయింది. ఎక్కడ నలుగురు కలిసినా లావు కేబుల్ వాళ్ళదే పైచేయి. బొటనవేలంత లావున్న కేబుల్ వాడేవాళ్ళు గొంతు పెంచి మాట్లాడతారు, 5 మిల్లీమీటర్ల వాళ్ళు మూల కూర్చుని తలూపుతారు. దాని తరఫున మాట్లాడే నాథుడే లేడు. ఏళ్ళ తరబడి దాని ఉప్పు తిన్నవాణ్ణి కనక, ఆ పని నేనే నెత్తికెత్తుకుంటున్నాను. ఎవరు ఎవరి ఉప్పు తిన్నారన్నది లెక్క తేలాక మీకే తెలుస్తుంది.

ముందు దాని మీద మోపిన నేరం చూద్దాం. 432 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్ల ఆర్‌జీ 58 సుమారు 36 డెసిబెల్స్ మింగుతుంది. నా రిగ్ (రేడియో సెట్టు) నుంచి పైనున్న ఆంటెనా దాకా 30 మీటర్లు పట్టింది, అంటే దాదాపు 11 డెసిబెల్స్. డెసిబెల్ పేరు చెబితే టెన్షన్ పడేవాళ్ళకి ఒక చిట్కా: 3 పోతే సగం మిగిలింది, 10 పోతే పదోవంతు మిగిలింది. రిగ్ దగ్గర 50 వాట్లు బయల్దేరితే ఆంటెనాకి చేరేవి సుమారు 4. అదే 30 మీటర్లకి లావు రకాల్లో ఆర్‌జీ 213 వేస్తే 16 వాట్ల దాకా చేరతాయి, ఎల్‌ఎంఆర్ 400 వేస్తే 27, అరంగుళం హార్డ్‌లైన్ వేస్తే 35. కంచే చేను మేసిందని లావు కేబుల్ వాళ్ళ అభియోగం.

మేసింది. నేను కాదనను. కానీ ఎంత పద్ధతిగా మేసిందో చూడండి. 50 వాట్లలో మొదటి మీటరు ఒక్కటే 4 వాట్లు తీసుకుంటుంది. 30 మీటర్లు దాటాక ఆంటెనాకి దక్కేదీ అదే 4. ఎంట్రన్స్‌లో నిలబడ్డవాడికెంతో చిట్టచివర నిలబడ్డవాడికీ అంతే. ఇంత సమానత్వం పాటించే వ్యవస్థ ఇంకొకటి చూపించండి. మిగతా 42 వాట్లూ దారి పొడుగునా వేడిగా మారి కేబుల్ మీద వాలిన పక్షులకి అందుతున్నాయి. వాటికి లైసెన్సు కూడా లేదు. అయినా అడిగామా?

ఈ మేతకి కారణం కేబుల్ స్వభావంలోనే ఉందని పెద్దలంటారు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు రాగి లోపలికి వెళ్ళడం మానేసి పైపైనే ప్రవహిస్తుంది. 432 మెగాహెర్ట్జ్ దగ్గర అది దిగే లోతు మిల్లీమీటరులో సుమారు 300వ వంతు. లోతుకి పోకుండా పైపైన పనులు కానిచ్చేవాళ్ళని చూడనివాళ్ళం కాదు, కొత్తగా ఆశ్చర్యపోవడానికేం లేదు. తీగ సన్నదైతే పై చర్మం కూడా తక్కువే, అంచేత ఇరుకు, ఇరుకు వల్ల వేడి. ఫ్రీక్వెన్సీ నాలుగింతలైతే డెసిబెల్స్ లెక్కన నష్టం రెట్టింపవుతుంది. మధ్యలోని ప్లాస్టిక్ తన వంతు తాను అదనంగా తింటుంది. గట్టి పాలిథీన్‌కి బదులు గాలి బుడగలున్న ఫోమ్ పెడితే ఆ తిండి తగ్గుతుంది, సిగ్నల్ కూడా తొందరగా నడుస్తుంది. గట్టి పాలిథీన్‌లో కాంతి వేగంలో 66 శాతం, మంచి ఫోమ్‌లో 85 శాతం. ఆంటెనా చేరేలోపే మూడొంతులు పైగా ఆవిరైపోయే సిగ్నల్‌కి అంత తొందరెందుకో నాకైతే తెలీదు.

ఇక్కడ చరిత్ర ఒక ముక్క చెప్పుకోవాలి. ఆలివర్ హెవిసైడ్ ఇంగ్లండ్‌లో కోయాక్సియల్ కేబుల్‌కి పేటెంట్ తీసుకున్నది 1880లో. రేడియో తరంగాలు ఉన్నాయని హెర్ట్జ్ ప్రయోగం చేసి చూపించింది ఆ తర్వాత ఏడేళ్ళకి. అంటే తరంగాలు దొరకడానికి ముందే వాటిని మింగే ఏర్పాటు పూర్తయిపోయిందన్నమాట. ఇంత ముందుచూపుని లోపం అంటారా?

ఇక అసలు విషయానికొస్తాను. సన్న కేబుల్ చేసే మేలుల్లో తలమానికం లాంటిది ఒకటుంది. దాని గురించి లావు కేబుల్ వాళ్ళు పెదవి విప్పరు. అది ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుని ప్రశాంతంగా ఉంచుతుంది.

రిగ్ పక్కన ఆ మీటరు పెట్టుకోని హామ్ ఉండడు. ముల్లు 1 దగ్గరుంటే ఆ రోజు మంచి రోజు. 2 దాటితే ముఖం వాడిపోతుంది. 3 దాటితే ఇంట్లోవాళ్ళతో మాటలుండవు. ఆ మీటరు చూసేదేమిటి? పైకి ఎంత వెళ్ళింది, ఆంటెనా వద్దని ఎంత తిప్పి పంపింది, అంతే. ఇప్పుడు నా సన్న కేబుల్ పనితనం చూడండి. వెళ్ళేటప్పుడు 11 డెసిబెల్స్ తింటుంది. మిగిలిన దాన్ని ఆంటెనా మొత్తంగా తిరగ్గొట్టినా సరే, వచ్చేటప్పుడు ఇంకో 11 తింటుంది. రానూ పోనూ 22. మీటరు దాకా తిరిగొచ్చేది వందో వంతు కూడా ఉండదు. ముల్లు నిక్షేపంగా 1.2 దగ్గర నిలబడుతుంది.

ఫిర్యాదు కాగితాల్ని పై అధికారి బల్ల దాకా రానివ్వని గుమాస్తాని మీరు చూసే ఉంటారు. ఆ అధికారి హయాంలో ఫిర్యాదులే లేవని రికార్డుల్లో ఉంటుంది. ఆయనకి మంచి నిద్ర పడుతుంది. నా కేబుల్ అలాంటి గుమాస్తా. ఇంకా గట్టిగా చెప్పాలంటే, పైన ఆంటెనా లేకపోయినా అది 1.2 చూపిస్తుంది. ఇది నేను కవిత్వం కోసం అనడం లేదు. తెలిసినవాళ్ళు చాలా పొడుగైన సన్న కేబుల్ చుట్టని యూహెచ్‌ఎఫ్‌లో డమ్మీ లోడ్‌గా, అంటే ఆంటెనాకి బదులు పవర్‌ని వేడిగా మింగేసే ఏర్పాటుగా, వాడుకుంటారు. నేనూ వాడుతున్నాను, కాకపోతే నా దానికి చివర ఆంటెనా తగిలించాను.

అదే లావు కేబుల్ వేసి చూడండి. 2.6 డెసిబెల్స్ మాత్రమే తినే ఎల్‌ఎంఆర్ 400కి రహస్యం దాచడం చేతకాదు. ఆంటెనా పాడైతే 3.4 అని మొహం మీదే చెప్పేస్తుంది. ఇంత నోటి దురుసు ఉన్న వస్తువుకి అంత డబ్బు పోయడం దేనికో!

వినే సంగతీ ఇంతే. ఆంటెనాకీ రిగ్‌కీ మధ్య కేబుల్ ఎన్ని డెసిబెల్స్ తింటే, రిసీవర్ అన్ని డెసిబెల్స్ చెవిటిదవుతుంది. 432లో ఇది నేరుగా తెలుస్తుంది, దూరపు స్టేషన్లు శుభ్రంగా మాయమవుతాయి. బ్యాండ్ మీద ఎవరూ లేరని నిశ్చింతగా రిగ్ కట్టేసి పడుకోవచ్చు. అది నచ్చనివాళ్ళు ప్రీయాంప్ తెచ్చి రిగ్ పక్కనే పెడతారు. అది కేబుల్ మింగగా మిగిలిన సిగ్నల్‌నీ, దాంతో పాటు చేరిన శబ్దాన్నీ కలిపి పెంచి చెవిలో పోస్తుంది. ఆ డబ్బా మాస్టు మీద, ఆంటెనా పక్కన ఉంటేనే ఉపయోగమని తెలిసినా ఎక్కేదెవరు?

హెచ్‌ఎఫ్ వాళ్ళ, అంటే కింది ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడేవాళ్ళ, భక్తి ఇంకో రకం. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడతాడు. డైపోల్ ఆంటెనాకి 15 మీటర్ల ఆర్‌జీ 58 ఉండేది. ఎవరో నష్టాల పట్టిక చూపించేసరికి ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. అది పీకించి ఎల్‌ఎంఆర్ 400 వేయించాడు. గోడకి కొత్త కన్నం, కొత్త క్లాంపులు, రెండు సెలవు రోజులు. లాభం అర డెసిబెల్ కూడా లేదు. సిగ్నల్ బలం చూపించే ఎస్ మీటరు మీద ఒక గడి కదలాలంటే 6 డెసిబెల్స్ కావాలి. అవతలివాడికి ఆ తేడా వినపడాలంటే చెవులు కాదు, దివ్యశ్రవణం ఉండాలి. పైగా అంత కింద బ్యాండ్లలో ఆకాశం నుంచి వచ్చే గోలే చాలా ఎక్కువ. కేబుల్ సిగ్నల్‌ని తగ్గిస్తే గోలనీ అంతే తగ్గిస్తుంది, వినపడటంలో తేడా రాదు. కొండని తవ్వి ఎలుకని పట్టారంటారు, ఈయన ఎలుక తోక పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఎలా వినపడుతున్నానండీ?" అని అడిగాడు మొదటి రోజు.

"59 అండీ," అన్నాడు అవతలాయన, అంటే హామ్‌ల భాషలో బ్రహ్మాండంగా అని.

"పాత కేబుల్‌తోనో?"

"అప్పుడూ 59 అండీ."

మా పెద్దమనిషి మాత్రం గొంతులో నిండుదనం వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటాడు. పీకేసిన ఆ సన్న కేబుల్ ఏమైందనుకుంటున్నారు? మూడు జాయింట్లు వేసి 432 ఆంటెనాకి తగిలించాడు. మంచి పని చేశాడు, దేనికి తగిన చోటు దానికి ఇచ్చాడు.

పేర్ల గొడవ ఒకటుంది, తొందరగా ముగిస్తాను. ఆర్‌జీ అనే అక్షరాలు అమెరికా సైన్యం తన కేబుళ్ళకి పెట్టుకున్న పేర్లలోంచి వచ్చాయి. అప్పట్లో నంబరు చెబితే లోపలేముందో ఖచ్చితంగా తెలిసేది. ఇప్పుడు కేబుల్ మీద 'ఆర్‌జీ 8 టైపు' అని ఉంటుంది. ఆ 'టైపు' అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. మనిషి గురించి 'అదో టైపు' అంటే మనకెంత అర్థమవుతుందో ఇక్కడా అంతే. పైన నల్లటి తొడుగు నిగనిగలాడుతుంది, కోసి చూస్తే రాగి అల్లిక జల్లెడలా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. అయినా కొన్నవాడు కోసి చూడడు. చూడకుండా ఉన్నంతకాలం అది మంచి కేబులే.

టీవీకి వాడే ఆర్‌జీ 6 కథ ఇంకా విచిత్రం. అది 75 ఓమ్‌లది. మన రిగ్‌లు 50 ఓమ్‌లవి. ఆ మాట వినగానే హామ్‌లు ముఖం తిప్పుకుంటారు. 75కీ 50కీ పొత్తు కుదరకపోతే వచ్చే ఎస్‌డబ్ల్యూఆర్ 1.5, వెనక్కి తిరిగేది 4 శాతం, డెసిబెల్స్‌లో 0.2 కూడా కాదు. 144 మెగాహెర్ట్జ్‌లో దాని నష్టం ఇంచుమించు ఆర్‌జీ 213తో సమానం, ధరేమో చాలా తక్కువ. ఇంత లాభసాటి సంగతి తెలిశాక కూడా వాడకపోవడానికి ఒకే ఒక కారణం: మీటరు 1.5 చూపిస్తుంది. నా సన్న కేబుల్ 1.2 చూపిస్తుంది. 46 వాట్లు పోయినా ఫరవాలేదు, ఆ 0.3 పరువు పోకూడదు.

450 ఓమ్‌ల నిచ్చెన తీగ గురించి మాట్లాడమని కొందరు అడుగుతారు. ఎస్‌డబ్ల్యూఆర్ ఎంత పెరిగినా అది దాదాపు ఏమీ తినదు. తినని దాని గురించి ఈ వ్యాసంలో చెప్పడానికేముంది?

ఇక నా సొంత గోడు. నెల కిందట ఒక రాత్రి గాలి గట్టిగా వీచింది. మర్నాటి నుంచి 432లో నన్ను పిలిచేవాళ్ళు లేరు, నా పిలుపుకి పలికేవాళ్ళూ లేరు. మీటరు చూశాను, 1.2. అంటే నా వైపు తప్పేం లేదు. మొదటి వారం వాతావరణాన్ని తిట్టాను. రెండో వారం సూర్యుడి మచ్చల్ని తిట్టాను, 432కి వాటితో పెద్దగా పనిలేదని తెలిసినా. మూడో వారం మిగతా హామ్‌లందరూ నా మీద కట్టుకట్టారని తేల్చాను.

నాకు మోర్స్ నేర్పిన గురువుగారు ఈ సంగతి విని, 30 మీటర్ల లావు కేబుల్ చుట్ట భుజాన వేసుకుని వచ్చారు.

"ఒక్కసారి ఇది వేసి చూద్దాం నాయనా," అన్నారు.

"మీటరు బాగానే ఉందండీ," అన్నాను.

"అందుకే చూద్దామంటున్నాను."

వేశాం. ముల్లు సరాసరి 3.4 దగ్గరికి పోయి కూర్చుంది. గురువుగారు మీసం కింద నవ్వుకుంటూ, "ఆంటెనా దించు, లోపల టాంకా ఊడిపోయుంటుంది," అన్నారు.

నేను ఒప్పుకోలేదు. నెలరోజులుగా లేని సమస్య, ఈయన కేబుల్ తెచ్చిన ఐదు నిమిషాల్లో ఎలా పుట్టింది? పెద్దాయన కదా అని గట్టిగా అనలేదు కానీ, చుట్ట చుట్టి మర్యాదగా ఆయన చేతికిచ్చి గుమ్మం దాకా సాగనంపాను. వెనక్కొచ్చి నా ఆర్‌జీ 58ని మళ్ళీ బిగించాను, కనెక్టర్ మీద టేపు కూడా చుట్టాను. మీటరు 1.2 చూపించింది. బ్యాండ్ మీద మాత్రం ఇప్పటికీ ఎవరూ లేరు.