లెన్స్ దగ్గరే ఆగిపోయాను

ఎప్పుడూ వెంట ఉండే చిన్న కెమెరా కావాలని మైక్రో ఫోర్ థర్డ్స్ (బొమ్మను పట్టే సెన్సర్ చిన్నదిగా ఉండి, లెన్సులు మార్చుకునే రకం) బాడీ తీసుకున్నాను. అది రెండు రోజుల్లో తేలింది. లెన్స్ మాత్రం నెల దాటినా తేలలేదు, తల వేడెక్కిపోతోంది.

ముందు ఆ అంకెలు. లెన్స్‌ని 25 మి.మీ. అంటారు, చూపించేది ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) మీద 50 చూపించేంతే. సెన్సర్ 17.3 × 13 మి.మీ. కదా, మూల నుంచి మూలకు ఫుల్ ఫ్రేమ్‌లో సగం, అందుకే రెండుతో హెచ్చవేసుకోవాలి. సరే, అది అలవాటవుతుంది. అసలు బాధ ఎఫ్/1.8తో, అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకెతో. వెలుతురు లెక్కలో అది నిజంగా ఎఫ్/1.8నే, షట్టర్ వేగం తగ్గించుకోనక్కర్లేదు. వెనకభాగం మసకబారడం మాత్రం ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/3.6 పెట్టినట్టు ఉంటుంది. ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పేవాళ్లేరీ? ఒకరు మొదటిదే చెప్పి ఊరిస్తారు, ఇంకొకరు రెండోదే చెప్పి భయపెడతారు. కొనేవాడికి రెండూ కావాలండీ!

తర్వాత బరువు. 12-40 మి.మీ. ఎఫ్/2.8 జూమ్ 380 గ్రాముల పైనే. తగిలిస్తే కెమెరా ముందుకు ఒరిగిపోతుంది, ఇక జేబు మాట మర్చిపోవాలి. పలచటి 20 మి.మీ. చూస్తే ముచ్చటేస్తుంది, ఫోకస్ మాత్రం నెమ్మది. పరిగెత్తే పిల్లల్ని అది పట్టుకోలేదు.

అన్నిటికన్నా మండించేది ఇంకొకటి. మౌంటు (లెన్స్ బిగించే చోటు) ఒకటే, ఎవరి లెన్స్ అయినా ఎక్కుతుంది అంటారు. ఎక్కుతుంది, నిజమే. కానీ ఒక కంపెనీ లెన్స్ మీది అపర్చర్ రింగు (ఆ ఎఫ్ అంకె మార్చేది) ఇంకో కంపెనీ బాడీ మీద ఉత్త అలంకారం కావచ్చు. వణుకు తగ్గించడంలో లెన్సూ బాడీ చేతులు కలపాలన్నా సాధారణంగా రెండూ ఒకే ఇంటివి కావాలి. ఆ సంగతి పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయడానికి ఏమిటి కష్టం?