మెల్నిక్: చర్చిల్ సంగతి సరే, ద్రాక్ష సంగతి చెప్పండి

బల్గేరియాలోని మెల్నిక్‌లో దిగిన రోజు చీకటి పడేలోగా చర్చిల్ పేరు మూడుసార్లు విన్నాను. మొదట గది అద్దెకిచ్చినావిడ చెప్పింది. తర్వాత వీధిలో ఒకాయన చేతిలో గ్లాసు పెట్టి, లోపలికి రమ్మంటూ చెప్పాడు. మూడోసారి ఒక కొట్టు ముందు బోర్డు మీదే కనిపించాడు, చుట్టతో సహా. కథ అందరిదీ ఒకటే: రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చర్చిల్ దొర ఏటా 500 లీటర్ల మెల్నిక్ వైన్ తెప్పించుకుని తాగేవాడట. ఆ ఆర్డరు కాగితం ఎక్కడైనా చూడొచ్చా అని అడిగితే నవ్వి, గ్లాసు నింపుతారు.

కథ నిజమా కాదా అన్నది నాకు పెద్ద పట్టింపు కాదు. 1941 మార్చిలో బల్గేరియా హిట్లర్ కూటమిలో చేరింది, ఆ డిసెంబరులో బ్రిటన్ మీదే యుద్ధం ప్రకటించింది. అలాంటి దేశంలో చర్చిల్ బొమ్మ పెట్టి సరుకు అమ్ముకోవడం చరిత్ర ఆడే చిన్న పరాచికం, అంతే. నా గొడవ వేరు. ప్రపంచంలో మరెక్కడా ఇంతగా వేళ్ళూనుకోని ద్రాక్ష ఒకటి పెరట్లో పెట్టుకుని, ఈ ఊరు అరువు తెచ్చుకున్న పేరుతో గిరాకీ పిలుచుకుంటోంది.

సోఫియా నుంచి దక్షిణంగా, స్ట్రూమా నది వెంట సుమారు మూడు గంటల దారి. గ్రీసు సరిహద్దు అక్కడికి ఎంతో దూరం లేదు. బల్గేరియా లెక్కల్లో మెల్నిక్ ఊరు కాదు, పట్టణం. దేశంలోకెల్లా చిన్న పట్టణం. జనం రెండు వందలకు అటూఇటూ ఉంటారు. మన దగ్గర ఒక అపార్ట్‌మెంటులో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. పట్టణం హోదా పాత వైభవానికి ఇచ్చిన పింఛను లాంటిది. పదమూడో శతాబ్దం మొదట్లో అలెక్సియస్ స్లావ్ అనే సామంతుడు స్వతంత్రం ప్రకటించుకుని దీన్నే రాజధాని చేసుకున్నాడు. ఆటోమన్ల కాలంలో వైన్, పొగాకు వ్యాపారంతో వేల మంది జనంతో కిటకిటలాడింది. చుట్టూ ఇసుకరాతి కొండలు వానకీ గాలికీ కోసుకుపోయి, కొన్నిచోట్ల నూరు మీటర్ల ఎత్తున మొనదేలి నిలబడ్డాయి. ఆ కొండల మధ్య ఒక వాగు, వాగుకు రెండు పక్కలా కింద రాతిగోడ, పైన ముందుకు పొడుచుకొచ్చిన చెక్క మేడలు. పర్యాటకులు ఫొటోలు తీసుకునేది వీటినే.

1754లో కట్టిన కోర్దోపులోవ్ ఇల్లు చూస్తే ఆ ఊరి పెద్దల ఆలోచన తెలుస్తుంది. పైన రంగుటద్దాల కిటికీలు, చెక్కిన పైకప్పు, అన్నీ ఉన్నాయి. కానీ ఇంటికి అసలు ప్రాణం కింద ఉంది. కొండను వందకు పైగా మీటర్ల పొడవున తొలిచి, సొరంగాల్లో వైన్ పీపాలు పెట్టారు. ఎండాకాలమైనా చలికాలమైనా లోపలి చల్లదనం పెద్దగా మారదు. ఇసుకరాయి మెత్తన, గునపంతో తవ్వుకోవచ్చు, తవ్వాక కూలదు. ఇల్లు కట్టి కింద గిడ్డంగి పెట్టారనడం కంటే, గిడ్డంగి తవ్వుకుని దానిమీద ఇల్లు కట్టారనడమే సరిగ్గా ఉంటుంది.

1912, 13 బాల్కన్ యుద్ధాలతో ఆ దశ ముగిసింది. ఊరు తగలబడింది. ఎవరు తగలబెట్టారన్నదానికి సరిహద్దుకు అటొక కథ, ఇటొక కథ. సంధిలో మెల్నిక్ బల్గేరియాకు దక్కింది. గ్రీకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటి సిదిరోకాస్త్రోలో స్థిరపడ్డాయి. మనుషులు వెళ్ళిపోయారు, తీగ మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఆ తీగ పేరు షిరోకా మెల్నిష్కా లోజా, అంటే ‘వెడల్పాటి మెల్నిక్ తీగ’. ఆకు పెద్దది కాబట్టి ఆ పేరు. పండు చిన్నది, తోలు మందం. దీనికి ఒక మొండి గుణం ఉంది: తొందరగా పండదు. మిగతా తోటల్లో కోతలైపోయి పీపాలు నిండాక, అక్టోబరు సగం గడిచాక గానీ ఇది కోతకు రాదు. దక్షిణాన ఏజియన్ సముద్రం మీది వెచ్చటి గాలి స్ట్రూమా లోయ వెంబడి పైకి వస్తుంది కాబట్టి ఇక్కడ శరత్తు కాస్త సాగుతుంది. ఆ నాలుగు వారాల వెచ్చదనమే ఈ ద్రాక్షకు ఆధారం. అదే తీగను ఉత్తరాన డాన్యూబ్ మైదానంలో నాటితే కాయ పండేలోగా చలి వచ్చేస్తుంది. ఈ వైన్ ఇంకెక్కడా ఎందుకు లేదంటే కారణం రహస్యమూ కాదు, సంప్రదాయమూ కాదు, క్యాలెండరు.

రుచి? కేబర్నే సోవిన్యోన్ అనే పేరున్న ఫ్రెంచి ద్రాక్ష వైన్‌లా ముదురు రంగు, గాఢత ఆశించిన వాళ్ళు మొదటి గుక్కకే నిరాశపడతారు. గ్లాసు ఎత్తి కిటికీకి అడ్డం పెడితే అవతలి చెట్టు కనిపిస్తుంది, అంత పల్చటి ఎరుపు. నోట్లో పోసుకున్నాక మాత్రం నేరేడు పండు తిన్నట్టు నాలుకంతా వగరు పట్టేస్తుంది. రంగుకూ వగరుకూ పొంతన ఉండదు. ఆ వెనక పుల్లచెర్రీ, దాని వెనక ఆరబెట్టిన పొగాకు వాసన. కందుకూరు వైపు పొగాకు బ్యారన్ పక్కనుంచి ఎప్పుడైనా నడిచి ఉంటే మీకు ఆ వాసన పరిచయమే. ఇది కవిత్వం కాదు. ఈ లోయలో తరతరాలుగా ద్రాక్షా పొగాకూ పక్కపక్కనే పండాయి. వాసన పొలం నుంచి గ్లాసులోకి వచ్చిందని శాస్త్రం ఒప్పుకోకపోవచ్చు; మొదటి గ్లాసు తాగాక నేను మాత్రం శాస్త్రాన్ని అడగలేదు.

మెల్నిక్ వైన్ ఎంత చిక్కనంటే రుమాల్లో మూటగట్టి తీసుకెళ్ళొచ్చని ఇక్కడొక నానుడి. మన మాటలో కొంగున కట్టుకెళ్ళొచ్చు. గ్లాసులో కనిపించే పల్చదనానికీ ఈ నానుడికీ అసలు కుదరదు. వాళ్ళు చిక్కదనం అన్నది కంటికి కాదు, నాలుకకు అయ్యుండాలి.

ఇప్పుడు చిక్కు ఒకటుంది. మెల్నిక్ వీధిలో ‘మెల్నిక్’ అని పోసే గ్లాసులో చాలాసార్లు ఉండేది షిరోకా కాదు, మెల్నిక్ 55. ఆలస్యంగా పండే ద్రాక్షంటే రైతుకు జూదం. అక్టోబరు వానలు ముందే పడితే గెలలు తీగ మీదే కుళ్ళుతాయి. అందుకే 1960లలో బల్గేరియా పరిశోధకులు షిరోకాను దక్షిణ ఫ్రాన్స్ రకం వాల్దిగియేతో సంకరం చేశారు. పుట్టిన బిడ్డ రెండు మూడు వారాలు ముందే కోతకొస్తుంది. రంగు ఎక్కువ, వగరు తక్కువ, పండు రుచి ముందుకొస్తుంది. తల్లి పోలిక మాత్రం పోలేదు, ఆ పొగాకు వాసన లీలగా అలాగే ఉంది.

ఒక కొట్టులో నాకు పోసింది తాగి, ‘షిరోకా?’ అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఓహో, కాదన్నమాట, 55 అయ్యుంటుందనుకుని నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండు నిమిషాల తర్వాత గుర్తొచ్చింది: బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే ఔనని, పైకి ఎగరేస్తే కాదని. మళ్ళీ అడిగాను. ఈసారి విదేశీయుణ్ణని గుర్తుకు తెచ్చుకుని, నా సౌకర్యం కోసం నిలువుగా ఊపాడు. అది ఔనో కాదో ఇద్దరికీ తెలియలేదు. ఔనుకీ కాదుకీ ఒక్కలాగే తల ఆడించే జాతివాణ్ణి, ఆయన్ని ఏమనగలను? చివరికి సీసా తెచ్చి అట్ట చూపించాడు. 55.

వైన్ గురించి రాసేవాళ్ళలో ఒక వర్గం 55ని రెండో రకం సరుకులా చూస్తుంది. అసలు సిసలుదే తాగాలంటారు. నేను ఒప్పుకోను. రైతుకు గిట్టని రకాన్ని ఏ అభిమానమూ నిలబెట్టలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల, మేడ్చల్, శామీర్‌పేట వైపు అనాబ్-ఎ-షాహీ తోటలు ఎలా ఉండేవో పెద్దవాళ్ళకు గుర్తే. అది తినే ద్రాక్ష, వైన్ ద్రాక్ష కాదు, కానీ కథ దగ్గర్లోనే ఉంది. తెగుళ్ళు వచ్చాయి, గింజలేని రకాలకు గిరాకీ వచ్చింది, ఆఖరికి భూమికి ధర వచ్చింది. అక్కడ ఇప్పుడున్నవి విల్లాలు. మెల్నిక్‌లో 55 పుట్టకపోతే ఈ కొండవాలుల్లోని తోటల గతీ ఏదో ఒక రకంగా అంతే అయ్యేదని నా అనుమానం. బిడ్డ సంపాదన మీద తల్లి బతుకుతోంది. 55 అమ్మిన డబ్బుతోనే ఇవాళ చిన్న వైనరీలు నాలుగు ఎకరాల్లో షిరోకాను అట్టిపెట్టుకోగలుగుతున్నాయి.

అసలు దెబ్బ సంకరం వల్ల పడలేదు, అంతకుముందే ప్రభుత్వం వల్ల పడింది. కమ్యూనిస్టు పాలనలో వైన్ మొత్తం విన్‌ప్రోమ్ అనే ప్రభుత్వ గుత్త సంస్థ చేతిలోకి వెళ్ళింది. వాళ్ళకు కావలసింది లీటర్లు. మైదానాల్లో యంత్రాలతో దున్నేందుకు వీలుగా కేబర్నే, మెర్లో అనే ఫ్రెంచి రకాలు వరసలు వరసలుగా నాటారు. పెప్సీ కంపెనీ తన పానీయపు ముడిసరుకు అమ్మి, బదులుగా బల్గేరియా వైన్ పుచ్చుకున్న కాలం కూడా ఒకటుంది. 1980లలో బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో చవగ్గా దొరికే మంచి ఎర్ర వైన్ అంటే బల్గేరియా కేబర్నేనే. బ్రిటిష్‌వాళ్ళు నిజంగా బల్గేరియా వైన్ తాగిన కాలం అదీ. చర్చిల్ అప్పటికి లేడు, ఆ సీసాల్లో మెల్నిక్ తీగా లేదు.

1985లో గోర్బచేవ్ మద్యపాన వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టేసరికి సోవియట్ మార్కెట్ పడిపోయింది. తోటలు పీకేశారు. 1989 తర్వాత భూములు పాత హక్కుదారుల వారసులకు తిరిగిచ్చారు. న్యాయమే, కాకపోతే ఒక్కో తోట పది ముక్కలైంది. వారసుల్లో సగం మంది సోఫియాలోనో జర్మనీలోనో ఉన్నారు. కత్తిరింపు లేని తీగ రెండు మూడేళ్ళలో అడవిగా మారుతుంది. ఆ ముక్కల్ని మళ్ళీ ఒకటొకటిగా కొని అతికించుకున్నవాళ్ళవే ఈ లోయలో ఇప్పుడు కనిపించే కొత్త వైనరీలు.

2007లో బల్గేరియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఇంకో వింత జరిగింది. దేశం మొత్తానికి రెండే రెండు పెద్ద భౌగోళిక గుర్తింపులు: ఉత్తరాన డాన్యూబ్ మైదానం, దక్షిణాన థ్రేసియన్ పల్లపు నేలలు. స్ట్రూమా లోయకు, థ్రేస్‌కు మధ్య పిరిన్, రోడోపి పర్వతాలు అడ్డున్నాయి. గాలి వేరు, నేల వేరు, ద్రాక్ష వేరు. అయినా మెల్నిక్ సీసా మీద చాలాసార్లు కనిపించేది థ్రేస్ పేరే. చిన్న ప్రాంతాలకు వేరే గుర్తింపులు ఉన్నా, నిబంధనల బాదరబందీ పడలేక ఎక్కువమంది పెద్ద పేరు కిందే అమ్ముకుంటారు. కోనసీమ కొబ్బరికాయ మీద ‘రాయలసీమ’ అని ముద్ర వేసినట్టుంటుంది. చర్చిల్ బొమ్మకు గోడ మీద చోటు దొరికిన ఊరికి, తన లోయ పేరుకు సొంత సీసా మీద చోటు దొరక్కపోవడం నాకు మింగుడుపడలేదు.

వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. రాళ్ళ వీధిలో మూడు గ్లాసులు తాగి, కోర్దోపులోవ్ ఇల్లు చూసి, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోకండి. పక్క పల్లెలకు వెళ్ళండి. వినోగ్రాది అనే ఊరుంది, ఆ మాటకు అర్థమే ద్రాక్షతోటలు. లోజెనిత్సా అని మరో ఊరు, అందులోని ‘లోజా’ అంటే తీగ. హర్సోవో వైపు కొత్త వైనరీలున్నాయి. అక్కడ అడిగితే షిరోకానూ 55నూ రెండు గ్లాసుల్లో పక్కపక్కన పోసి ఇస్తారు. ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి తాగితే వచ్చే తెలివిడి, సొరంగంలో గైడు చెప్పే అరగంటలో రాదు. తోడుగా మట్టికుండలో వండిన మాంసం తెప్పించుకోండి, ఆ వగరుకు కొవ్వు తగలాలి. ఫిబ్రవరిలో వెళ్తే సెయింట్ ట్రిఫన్ పండగ దొరుకుతుంది. కొత్త లెక్కలో 1న, పాత లెక్కలో 14న, తోటలో మొదటి తీగ కత్తిరించి, కోసినచోట వైన్ పోసి మొక్కుతారు. మన ఏరువాక చూసినవాళ్ళకు ఆ తంతు కొత్తగా అనిపించదు.

వైన్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది ‘వైన్స్’ బోర్డు, దాని కింద కటకటాల వెనక బ్రాందీ సీసాలు. తాగుడంటే మత్తు తప్ప మరో లెక్క మనకు అలవాటు కాలేదు. మెల్నిక్‌లో డెబ్బై దాటిన ముసలావిడ మధ్యాహ్నం భోజనంతో అర గ్లాసు తాగి, మిగిలిన అర గ్లాసు మీద పళ్ళెం బోర్లించి రాత్రికి అట్టిపెట్టుకోవడం చూశాను. ఆవిడే నేను దిగిన ఇంటి యజమానురాలు.

బయల్దేరేరోజు ఆవిడ రెండు లీటర్ల నీళ్ళ సీసాలో ఇంటి వైన్ పోసిచ్చింది. ఇది షిరోకాయా, 55ఆ అని అడిగితే చేత్తో వెనక కొండవాలు చూపించింది. అక్కడ రెండూ కలిసే ఉన్నాయట, కోసేటప్పుడు వేరు చేయరట. మూత సరిగ్గా పట్టలేదు. బస్సు పక్కనున్న సందాన్‌స్కి పట్టణం చేరేసరికి సంచి అడుగున తువ్వాలు తడిసి ముద్దయింది. పక్క సీటాయన వాసన పట్టి, సంచి వంక చూసి, ‘మెల్నిక్’ అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.