ఇంటికో మెదడు సీసా: ప్రభుత్వానికి ఒక విన్నపం

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు చదివితే జిల్లాలో మెదళ్లు ఇంకా పెరగాల్సిన అవసరం ఎంతుందో అర్థమవుతుంది. అందుకే బీడీఎన్‌ఎఫ్ అనే మెదడు వృద్ధి ప్రోటీన్‌ను రేషన్ షాపుల్లో, సన్నబియ్యం పక్కనే, ఇంటికో సీసా చొప్పున పంచాలని కోరుతున్నాం. అమలులో చిన్న చిన్న చిక్కులున్నాయి.

ముందు తూకం. సీసాలో ఉండేది 10 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో లక్షో వంతు. కంటికి ఆనదు. "డీలర్ ఖాళీ సీసా ఇచ్చిండు" అని తొలిరోజే ధర్నా ఖాయం. పైగా ఆ కాస్త పొడీ మూత కింద పట్టుకొని ఉండొచ్చు, తెరవగానే ఎగిరిపోతుంది. కాబట్టి మూత తీసే ముందు సీసాను సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పి లోపలున్నదాన్ని అడుక్కి దించే యంత్రంలో, కొన్ని సెకన్లు తిప్పాలి. షాపుకో సెంట్రిఫ్యూజ్ అంటే టెండర్లకు మంచి రోజులే.

తర్వాత 100 మైక్రోలీటర్ల స్టెరైల్ నీళ్లు, సుమారు రెండు చుక్కలు. మజ్జిగలా గిలక్కొట్టొద్దు. నురగ వచ్చిందంటే ప్రోటీన్ మడతలు చెదిరి పనికిరాకుండా పోతుంది. పది నిమిషాలు ఊరకే వదిలేసి, పిపెట్‌తో (చుక్కలు కొలిచే ల్యాబు గొట్టంతో) మెల్లగా కలపాలి.

అసలు తంటా ఇక్కడుంది. ఈ ప్రోటీన్‌కు ధనావేశం ఎక్కువ. గాజైనా ప్లాస్టికైనా గోడ కనిపిస్తే అతుక్కుంటుంది. ఎంత పలచన చేస్తే అంత నష్టం. నోటుబుక్కులో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములని రాసుకుంటాం, ల్యాబులో పెంచే కణాలకు అందింది ఎంతో ఆ గోడకే తెలియాలి. నిధులు దారిలో గోడలకు అంటుకోవడం మనకు కొత్త కాదు గనుక అధికారులకు ఈ భాగం వివరించనక్కర్లేదు. విరుగుడుగా 0.1 శాతం బీఎస్‌ఏ, అంటే ఆవు రక్తం నుంచి తీసే చవక ప్రోటీన్, కలపాలి. పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్నట్టు, అది ముందే గోడ మీది జాగాలన్నీ పట్టేసుకుంటుంది. మన ప్రోటీన్ నీళ్లలోనే నిలబడి ప్రయాణం చేస్తుంది.

మిగిలింది పంపకం. 10 మైక్రోలీటర్ల చొప్పున పది ట్యూబులు చేసి మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఒక్కో ట్యూబు 20 మిల్లీలీటర్ల మీడియంకు, అంటే కణాలను పెంచే పోషక ద్రవానికి, సరిపోతుంది. కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. ఇంట్లో ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ ఉందిగా అనకండి. మంచు పేరుకోకుండా అది తనంతట తానే అప్పుడప్పుడూ వేడెక్కుతుంటుంది.

"సారూ, మా పోరనికి రెండు సుక్కలు తాపితే ర్యాంకొస్తదా?" తాగితే కడుపులో పప్పులోని ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది. నరానికి ఎక్కించినా రక్తంలో నిలిచేది నిమిషాలే. మెదడు గుమ్మంలో కాపలా దాటడం దాదాపు అసాధ్యం. ఇది డిష్‌లో పెంచే న్యూరాన్ల తిండి. సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉంటుంది, సన్న అక్షరాల్లో.

పుట్టుక గురించీ అడుగుతారు. 1982లో బార్డ్, టోనెన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని పంది మెదడులోంచి తీశారంటే సగం క్యూ వెనక్కి తిరుగుతుంది. ఇప్పుడు పందితో పనిలేదు, జన్యువు ఎక్కించిన ఈ-కోలై బ్యాక్టీరియా తయారుచేస్తుందని వెంటనే ప్రకటించాలి. ఈ-కోలై సొంతిల్లు ఎక్కడో ఎవరైనా అడిగేలోపు పంపిణీ ముగించాలి.