గెడ్డ గట్టున ట్యాబు: తెగ తిరుగుతున్న ఒక సందేశానికి జవాబు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల నుంచి ఉపాధ్యాయుల గ్రూపుల దాకా ఒక సందేశం తిరుగుతోంది. సారాంశం ఇదీ: "బడిలో ట్యాబులూ ఫోన్లూ ఇచ్చి ప్రాజెక్టులు చేయించడం పిల్లల్ని పాడుచేయడమే. స్వీడన్ ట్యాబులు నిషేధించి పుస్తకాలకు తిరిగొచ్చింది. యునెస్కో కూడా వద్దంది. రోజుకు గంట దాటితే కళ్లు పోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పిల్లలు చేసేది కాపీ పేస్టు, చూసేది రీల్సు. మన ఊళ్లలో సిగ్నలే ఉండదు. ఇచ్చిన ట్యాబులు ఏడాదికే మూలన పడ్డాయి. చార్టు మీద చేత్తో చేసిందే ప్రాజెక్టు." కింద మామూలే, పది మందికి పంపమని.

అన్నీ అబద్ధాలు కావు. చివరి రెండింటిలో నిజం పాలు బాగానే ఉంది. కానీ ఈ సందేశం రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కట్టేసింది. పిల్లవాడు ట్యాబులోకి చూస్తూ పాఠం వినడం ఒక పని. ట్యాబును బయటికి తిప్పి చెరువునో చేనునో చేనేత మగ్గాన్నో నమోదు చేయడం ఇంకో పని. ప్రాజెక్టుకు కావలసింది రెండోది.

"స్వీడన్ నిషేధించింది"

నిషేధించలేదు. 2023లో స్వీడన్ ప్రభుత్వం చేసినవి ప్రధానంగా రెండు. ప్రీస్కూళ్లలో డిజిటల్ పరికరాలు తప్పనిసరి అన్న నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. బడులకు అచ్చు పుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనర్లు కేటాయించింది. అక్కడి గొడవ ప్రధానంగా చిన్నపిల్లల గురించి, పుస్తకానికి బదులు తెర పెట్టడం గురించి. మన 8వ తరగతి పిల్లలు పుస్తకం పక్కన పెట్టుకుని గెడ్డలో, అంటే ఊరి వాగులో, నీటి వేగం కొలవడానికి దానితో సంబంధం లేదు.

"యునెస్కో వద్దంది"

2023 జూలైలో వచ్చిన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక చెప్పింది వేరు. సాంకేతికత చదువుకు పనికొచ్చినప్పుడే, పనికొచ్చినంతే వాడమంది. ఫోనును కూడా చదువుకు సాయపడే చోటే వాడాలంది. ట్యాబులు కొనే అధికారులు చదవాల్సిన ఉదాహరణ ఒకటి అందులో ఉంది: పెరూలో 10 లక్షలకు పైగా ల్యాప్‌టాపులు పంచారు, బోధనా పద్ధతిని మాత్రం ముట్టుకోలేదు, చదువులు మెరుగుపడలేదు. పరికరం ఇచ్చి పని చెప్పకపోతే ఏమవుతుందో ఇంతకన్నా సూటిగా చెప్పలేం.

"గంట దాటితే కళ్లు పోతాయి"

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన గంట లెక్క అయిదేళ్ల లోపు పిల్లలకు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లు కూర్చుని తెర చూసే సమయం గంట మించకూడదని, ఏడాది లోపు వాళ్లకు అసలే వద్దని ఉంది. 13 ఏళ్ల పిల్లకు ఆ అంకె అతికించడం తప్పు.

అలాగని కళ్ల మాట కొట్టిపారేయకూడదు. పిల్లల్లో దూరపు చూపు మసకబారడానికి, అంటే మయోపియాకు, కారణాల్లో ముఖ్యంగా చెప్పేవి చాలాసేపు దగ్గరి వస్తువుల్నే చూడటం, ఆరుబయట తక్కువగా గడపడం. పుస్తకమైనా ట్యాబైనా కంటికి జానెడు దూరంలో పెట్టుకుంటే ఒకటే. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలోని దాన్ని, 20 సెకన్లు చూడమనేది కళ్ల అలసట తగ్గడానికే. 90 నిమిషాల క్షేత్ర ప్రాజెక్టులో ఒక్కో పిల్ల తెర చూసేది 15 నిమిషాలు దాటదు. మిగతా సమయమంతా ఎండా, గాలీ, దూరపు చూపూ. కళ్ల బెంగ ఉన్నవాళ్లు ఇలాంటి ప్రాజెక్టులే ఎక్కువ చేయించమని అడగాలి.

"చేసేది కాపీ పేస్టు"

ఇక్కడ కాసేపు ఆగాలి. కాపీ ట్యాబుతో రాలేదు. స్టేషనరీ దుకాణంలో బొమ్మల షీటు కొని, కత్తిరించి, చార్టుకు అంటించి, పక్కన గైడులోని పేరా దించే ప్రాజెక్టులు మనకు కొత్త కాదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఎఫ్‌ఏలో) ప్రాజెక్టు పనికి మార్కులు పెట్టింది మొదలు ఆ దుకాణాలకు గిరాకీయే. "నీటి కాలుష్యం – కారణాలు" అని అంశం ఇస్తే ట్యాబున్నా లేకున్నా కాపీయే వస్తుంది. జవాబు నెట్‌లో దొరకని ప్రశ్న ఇవ్వాలి. "మన ఊరి గెడ్డలో ఈ వారం సెకనుకు ఎన్ని లీటర్ల నీరు పోతోంది?" అని అడగండి. ఏ వెబ్‌సైటూ చెప్పలేదు, ఏ కృత్రిమ మేధా చెప్పలేదు.

ఆ ఒక్క ప్రశ్ననే తీసుకుందాం. నాగావళిలోనో వంశధారలోనో కలిసే చిన్న గెడ్డ, మోకాలి లోతు దాటనిది చూసుకోవాలి. వాన పడిన మర్నాడు వెళ్లొద్దు. వంపు లేని 10 మీటర్ల నిడివి ఎంచుకుని రెండు చివర్లా అడ్డంగా తాడు కట్టాలి. తాడు నీటికి జానెడు ఎత్తులోనే ఉండాలి, పైకి పోతే ఏ క్షణాన దాటిందో వీడియోలో తేలదు. వెడల్పు టేపుతో కొలవాలి. లోతు అర మీటరుకోసారి కర్రతో కొలిచి సగటు తీయాలి. తేలడానికి కమలాపండు బాగుంటుంది. ఎక్కువ భాగం మునిగి తేలుతుంది కాబట్టి గాలి తోయదు. ఖాళీ సీసాను గాలి తోసేస్తుంది, నిమ్మకాయలు కొన్ని మునిగిపోతాయి.

జట్టుకు అయిదుగురు, ఒక ట్యాబు. ఒకరు కెమెరా, ఒకరు పండు వదలడం, ఒకరు స్టాప్‌వాచ్, ఒకరు నోటుబుక్కు, ఒకరు కాపలా: కాళ్ల కింద జారుడు, గట్టు మీద పశువులు, ట్యాబు మీద ఎండ చూసేది ఈ ఒకరే. అయిదుసార్లు వదలాలి, వదిలిన ప్రతిసారీ పనులు మారాలి. ఇలా మార్చకపోతే గంటన్నరా ట్యాబు ఒకే చేతిలో ఉంటుంది. ఆ చెయ్యి చాలాసార్లు మగపిల్లాడిది, రాసే పని ఆడపిల్లది. ఉపాధ్యాయులు ఈ ఒక్కటీ పట్టుకుంటే సగం పని అయినట్టే.

లెక్క ఇలా ఉంటుంది. వెడల్పు 3 మీటర్లు, సగటు లోతు 0.4 మీటర్లు, పండు 10 మీటర్లు పోవడానికి 20 సెకన్లు అనుకుందాం. పై నీటి వేగం సెకనుకు 0.5 మీటర్లు. అడుగున రాళ్లూ ఇసకా ఆపుతాయి కాబట్టి కింది నీరు నెమ్మదిగా పోతుంది. అందుకు 0.85తో గుణిస్తే 0.425. దాన్ని 3తోనూ 0.4తోనూ గుణిస్తే 0.51 ఘనపు మీటర్లు, సెకనుకు దాదాపు 500 లీటర్లు.

స్టాప్‌వాచ్ చాలు కదా, ట్యాబెందుకు? అయిదు వదలింపుల్లో 20, 21, 19, 34, 20 సెకన్లు వచ్చాయనుకోండి. ఆ 34 ఏమిటి? ట్యాబు లేకపోతే "తప్పు పడింది" అని కొట్టేస్తారు, లేదా దాన్నీ కలిపి సగటు తీసి ఫలితం పాడుచేస్తారు. వీడియో ఉంటే వెనక్కి తిప్పి చూస్తారు: పండు గట్టు పక్క సుడిలో చిక్కి రెండు చుట్లు తిరిగింది. గట్టు దగ్గర నీరు ఎందుకు తిరుగుతుంది అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. కొట్టేయడానికి కారణం రాతలోకి వస్తుంది. ట్యాబు చేసిన మేలు ఇదే, ఇంకేం కాదు.

ఇందులోనూ తప్పులు జరుగుతాయి. కెమెరా ఒక తాడు దగ్గరే నిలబడితే రెండో తాడు దాటడం ఏటవాలుగా కనబడి సెకను తేడా వస్తుంది. మధ్యలో నిలబడి, రెండు తాళ్లూ కనబడేలా వెనక్కి జరగాలి. మామూలు ట్యాబు కెమెరాలో 10 మీటర్లు పట్టాలంటే దాదాపు 8 మీటర్ల దూరం కావాలి. ఎండలో తెర కనబడదు, గొడుగు తప్పనిసరి. మార్చి ఎండలో సిమెంటు గట్టు మీద పెడితే వేడెక్కి కెమెరా ఆగిపోతుంది. తడి వేళ్లకు తెర పిచ్చిగా స్పందిస్తుంది, తుడుచుకోవడానికి పొడిగుడ్డ ఉండాలి. వీడియో 1080 నాణ్యతలో నిమిషానికి దాదాపు 130 ఎంబీ తింటుంది. 40 సెకన్లు మించకుండా తీసి, పనికిరానివి సాయంత్రమే చెరిపేయాలి. ఆ పని మర్నాటికి వాయిదా వేస్తే నెలాఖరుకు ట్యాబు నిండిపోతుంది.

ఒకే నిబంధన పెట్టండి: తుది చార్టులోని ప్రతి అంకె పక్కనా దాని రుజువు ఉండాలి, వీడియో నంబరో నోటుబుక్కు పేజీయో. కాపీ చేసిన అంకెకు ఆ రెండూ ఉండవు.

"చూసేది రీల్సు"

నెట్ ఇస్తే చూస్తారు. పెద్దలూ చూస్తున్నారు. గెడ్డ దగ్గరా పొలంలోనూ నెట్ అక్కర్లేదు, వైఫై ఆపి ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో కెమెరా యాప్‌ను తెర మీద పిన్ చేసి, బయటికి రావాలంటే పిన్ నంబరు అడిగేలా పెట్టొచ్చు. లాక్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పిల్లలు రీసెట్ చేసే దారులు మనకన్నా ముందే కనిపెడతారు. ట్యాబు మీద పెయింటుతో నంబరు, రిజిస్టరులో ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు: ఇదే గట్టి తాళం.

రీల్స్ కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది, సందేశంలో దాని ఊసే లేదు. చెరువు గట్టున తీసిన వీడియోల్లో స్నానం చేసే ఆడవాళ్లూ పక్క పిల్లల ముఖాలూ పడతాయి. వాటిని గ్రూపుల్లో పెట్టకూడదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది.

"సిగ్నలే ఉండదు"

ఫొటో, వీడియో, మాట రికార్డు, స్టాప్‌వాచ్: దేనికీ సిగ్నల్ అక్కర్లేదు. జీపీఎస్‌కూ అక్కర్లేదు. కాకపోతే నెట్ లేకుండా మొదటిసారి స్థానం పట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ట్యాబు ఆకాశం కింద ఉండాలి. దాని ఖచ్చితత్వం 5 నుంచి 10 మీటర్లు, అంటే బావులు ఏ వీధిలో ఉన్నాయో గుర్తించొచ్చు గానీ బడి తోట కొలవలేం. ఇంటింటి సర్వే ప్రశ్నలు ఓడీకే కలెక్ట్ లాంటి యాప్‌లో నెట్ లేకుండానే నింపి, బడికొచ్చాక పంపొచ్చు. ఒక మాట, తెలుగు టైపింగు రాని పిల్లల చేత పేరాలు టైపు చేయించకండి. మాట రికార్డు చేసి, విని, నోటుబుక్కులో రాయనివ్వండి.

"చార్టు మీద చేత్తో చేసిందే ప్రాజెక్టు"

1918లో అమెరికా విద్యావేత్త కిల్పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతి గురించి రాసినప్పుడు ముఖ్యమన్నది పిల్లవాడు మనసుపెట్టి, ఒక ఉద్దేశంతో చేసే పని. చార్టు అందులో షరతు కాదు. అయినా చేత్తో గీసే బొమ్మ విలువ తగ్గదు. ఆకు ఈనెలు ఫొటో తీసిన పిల్లకన్నా గీసిన పిల్లే వాటిని నిజంగా చూస్తుంది. కదిలేదాన్నీ, క్షణంలో పోయేదాన్నీ మాత్రం చార్టు పట్టుకోలేదు. పొందూరు ఖాదీ చూడండి: వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేసే ఆ చేతి కదలిక బొమ్మలో రాదు. వీడియో తీసి నెమ్మదిగా తిప్పితే దవడ పళ్ల మధ్య చెత్త ఎలా నిలిచిపోతుందో కనబడుతుంది. తీసేముందు ఆ మనిషిని అడగాలి, తీశాక చూపించాలి.

ట్యాబు చేతకాని చోటూ చెప్పుకోవాలి. వలస పక్షులు వచ్చే తేలినీలాపురంలో పక్షుల లెక్కకు 8 మెగాపిక్సెల్ కెమెరా పట్టుకెళితే నిరాశే. వంద మీటర్ల దూరంలో ఆ ఫొటో దాదాపు 130 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే మీటరుకు 25 చుక్కలు. మీటరున్నర పొడవున్న గూడబాతు 35, 40 చుక్కల తెల్ల మచ్చ. జాతి గుర్తించడానికి బైనాక్యులరే కావాలి. ట్యాబుతో చెట్టు మొత్తాన్ని తీసి, బడిలో గళ్లు గీసి మచ్చలు లెక్కపెట్టడం మాత్రం కుదురుతుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో నీటి ప్రాజెక్టు అంటే మరీ జాగ్రత్త. చేతి టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్నే చూపిస్తుంది. తాగునీటి ప్రమాణంలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం, వేరే నీరు లేకపోతే 2000 దాకా అనుమతి. ఆ అంకె పురుగుమందుల్నీ భార లోహాల్నీ విడదీసి చూపదు. "మా బావి నీటి వల్లే కిడ్నీ జబ్బు" అని ట్యాబులో స్లైడు చేసి ఊరికి చూపిస్తే అది ప్రాజెక్టు కాదు, పుకారు.

"మూలన పడ్డాయి"

ఇది చాలాచోట్ల నిజం. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకూ, వాళ్లకు చెప్పే ఉపాధ్యాయులకూ ట్యాబులు ఇచ్చింది. వాటిలో ముందే ఎక్కించినవి వీడియో పాఠాలు. పాఠాల కాలం తీరగానే ట్యాబు కాలమూ తీరిందనుకుని బీరువాలో పెట్టేశారు. కెమెరా, మైకు, జీపీఎస్ అలాగే ఉన్నాయి. పోయింది బ్యాటరీ.

కరెంటు ఖర్చు సాకు కాదు. 5100 ఎంఏహెచ్ బ్యాటరీ నింపడానికి నష్టాలతో కలిపి దాదాపు 25 వాట్ అవర్లు. పది ట్యాబులకు పావు యూనిట్. పది చార్జర్లూ కలిపి లాగేది 150 వాట్లు, మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి మోస్తుంది. తీగను చుట్టచుట్టి ఉంచకుండా విప్పి పెట్టాలి.

బ్యాటరీని చంపేది వేసవి సెలవులు. పూర్తిగా నింపి ఇనప బీరువాలో పెడితే ఆ వేడికి లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. సున్నాలో పెడితే ఇంకా దిగిపోయి మళ్లీ ఎక్కదు. ఏప్రిల్ ఆఖరు పని దినాన 50 శాతం దగ్గర స్విచ్ ఆఫ్ చేసి, ఎండ తగలని గదిలో, చెక్క అల్మారాలో నిలువుగా పెట్టాలి. మే మధ్యలో ఒకరు వచ్చి చూసి, 30 కన్నా తగ్గినవి మళ్లీ 50కి తేవాలి. జూన్‌లో తీసినప్పుడు తెర అంచు లేచిన ట్యాబు కనబడితే చార్జింగుకు పెట్టొద్దు, లోపలికి నొక్కొద్దు. ఇసక పోసిన ఇనప డబ్బాలో విడిగా ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి.