నాన్న బీపీ నూటపదహారు

మా నాన్న సబ్ ట్రెజరీలో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. పని అంటే, జనం తెచ్చిన బిల్లులు వెనక్కి పంపడం. ఆయన బల్ల మీదికొచ్చిన బిల్లు మొదటిసారికే పాసైన దాఖలా లేదు. సంతకం గీత దాటిందనో, రెవెన్యూ స్టాంపు తలకిందులైందనో ఏదో ఒక కొర్రీ వేసేవారు. ఇప్పుడు 71వ ఏట బిల్లులు లేక ఆ కొర్రీలన్నీ ఇడ్లీల మీదా, మా మీదా, వాతావరణ శాఖ మీదా వేస్తున్నారు. అలాంటి మనిషికి నేను వైద్య పరిశోధనలు చదివి వినిపించాను. తప్పు నాదే.

మే నెల, ఆదివారం. తెనాలి ఇంట్లో అమ్మ కొత్తావకాయ మూడోరోజు తిరగకలిపి, జాడీ పక్కన పెట్టుకుని, అన్నంలో ఎర్రగా ముద్దలు చేస్తోంది. నేను హైదరాబాద్ నుంచి తెచ్చిన బీపీ మిషన్ అట్టపెట్టె విప్పాను. నాన్న అప్పుడే మా బాబాయితో ఫోన్లో డీఏ బకాయిల గురించి మాట్లాడుతున్నారు. మాట్లాడటమంటే, ప్రభుత్వాన్ని బాబాయిలో చూసుకుని తిడుతున్నారు. కుడిచేతిలో ఫోను. ఎడమచెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది. కాలు మీద కాలు. రెండో కాఫీ అప్పుడే పూర్తయింది. బాత్రూంకి వెళ్దామని లేవబోతుంటే ఫోను మోగిందట, కూలబడిపోయారు. నేను ఆ వేలాడే చేతికే, లాల్చీ మీంచే పట్టీ చుట్టి బటన్ నొక్కాను.

మిషన్ గుర్రుమంది, బుస్సుమంది, చివరికి 162/94 అంది.

అమ్మ చేసిన మొదటి పని ఆవకాయ జాడీకి మూత పెట్టడం. రెండో పని ఆ జాడీని అటకెక్కించడం. పక్కింటి పిన్నిగారు గోడ అవతల్నించే సంగతి విని, పరగడుపున వెల్లుల్లి రెబ్బలు మింగమన్నారు. పరగడుపు దాటి నాలుగు గంటలైందని నాన్న ఆవిడకీ ఒక కొర్రీ వేశారు. 162 చూసి చలించని మనిషి, జాడీ అటకెక్కడం చూసి మాత్రం నిజంగానే కంగారుపడ్డారు. కళ్లు కాస్త చెమర్చాయి కూడా. అది ఆవకాయ ఘాటని తర్వాత అన్నారు.

ఆయన్ని ఊరడిద్దామని నేను నోరు తెరిచాను. "నాన్నా, ఈ అంకె చెల్లదు. మనం కొలిచిన పద్ధతి తప్పు" అని ఫోన్లో దాచుకున్నవన్నీ చదివాను. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 133 మందికి చెయ్యి మూడు రకాలుగా పెట్టించి బీపీ చూశారు. చేతిని బల్ల మీద ఆనించినప్పటి కన్నా ఒళ్లో పెట్టుకుంటే పై అంకె 3.9 ఎక్కువొచ్చింది, పక్కన వేలాడేస్తే 6.5 ఎక్కువొచ్చింది. 2024లో అచ్చయింది. అంతకుముందు ఏడాది పట్టీ కొలత మీద వచ్చిన ఇంకో పరిశోధనలో, సరిపడని పట్టీ వల్ల 19.5 దాకా ఎక్కువ చూపించింది. కొలిచేటప్పుడు మాట్లాడితే ఒక పది, ఉచ్చ బిగబట్టుకు కూర్చుంటే ఇంకో పది పెరగొచ్చని డాక్టర్లు ఎప్పట్నించో చెబుతున్నదే.

నాన్న ఫోను పెట్టేసి కళ్లజోడు తగిలించుకున్నారు. ఆ తగిలించుకునే తీరు చూసే ఒకప్పుడు గుమస్తాలు చేతిలో బిల్లుతో సహా వెనక్కి తిరిగి వెళ్లిపోయేవారట.

"మళ్లీ చెప్పు. చెయ్యి వేలాడేస్తే ఎంత?"

"6.5."

కరెంటు బిల్లు తిరగేసి రాసుకున్నారు. గ్రాస్ బీపీ 162. తగ్గింపులు: చెయ్యి వేలాడినందుకు 6.5, పట్టీ సరిపడనందుకు 19.5, ప్రభుత్వాన్ని తిట్టినందుకు 10, బాత్రూంకి వెళ్లనందుకు 10. మొత్తం తగ్గింపులు 46. గీత గీసి, దాని కింద ఇంకో గీత గీసి, నెట్ బీపీ వేసి, పక్కన పొడి సంతకం కూడా పెట్టారు.

"నూటపదహారు!" అన్నారు లేచి నిలబడి. "ఏమేవ్, చూశావా? చదివింపుల అంకె వచ్చింది. ఇంతకన్నా శుభం ఏముంటుంది? జాడీ దించు."

"నూటపదహార్లయితే రేపు డాక్టరుగారికే చదివించండి" అంది అమ్మ అటక వైపు చూడకుండా.

సాయంత్రానికి వాకిట్లో క్యూ కట్టారు. పెన్షనర్లకి ఏటా లైఫ్ సర్టిఫికెట్లు నింపిపెట్టడం నాన్నకి అలవాటే, ఆ చేత్తోనే వీధిలో నలుగురికి బీపీ రిటర్నులు వేసిపెట్టారు. రిటైర్డ్ హెడ్మాస్టరుగారికి 150 వచ్చింది. ఆయన ఆశగా ఆ పదీ తగ్గించమని అడిగితే, "మాస్టారూ, ఇప్పుడే మా దొడ్లోకి వెళ్లొచ్చారు, నేను చూశాను. ఆ మినహాయింపు మీకు వర్తించదు" అని కొట్టిపారేశారు. ఈ విషయంలో మాత్రం నాన్నని మెచ్చుకోవాలి. తనకి ఎంత ఉదారంగా ఉన్నా, ఎదుటివాళ్ల దగ్గర నిబంధన తప్పలేదు.

రాత్రి నేను దిద్దుబాటుకి దిగాను. 2015లో అమెరికాలో స్ప్రింట్ అని పెద్ద పరిశోధన వచ్చిందని, 9,361 మందిలో సగం మందికి పై బీపీ 120 లోపుకి దించి, మిగతా సగానికి 140 లోపున వదిలేశారని, 120కి దించినవాళ్లలో గుండెపోట్లూ పక్షవాతాలూ అలాంటివన్నీ కలిపి పావువంతు తగ్గాయని, ఆ తేడా చూసి అనుకున్నదానికన్నా ముందే ఆపేశారని చెప్పాను. కాబట్టి నిర్లక్ష్యం పనికిరాదన్నాను.

"వాళ్లెలా కొలిచారు?"

నిజం చెప్పక తప్పలేదు. ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోబెట్టి, మిషన్‌తో కొలిచారు. చాలాచోట్ల ఆ గదిలో సిబ్బంది కూడా ఉండలేదు.

"అదీ సంగతి! మనుషుల్లేని గది. మనింట్లో మనుషుల్లేని గది ఏదిరా? దేవుడి గదిలో కూడా మీ అమ్మ బియ్యం డబ్బా కోసం వస్తుంది. దానికెంత తగ్గించొచ్చో చూడు."

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాం. కుర్రాడే, ఊరివాడే. నాన్న పేరు చూడగానే మొహంలో ఏదో మెరుపు మెరిసింది. వాళ్ల నాన్నగారు టీచరట. 1998లో ఆయన పెట్టుకున్న మెడికల్ బిల్లు మూడుసార్లు తిరిగొచ్చిందట. మూడోసారి కారణం, గుండుసూది కుడివైపు గుచ్చడం. ఇదంతా ఆయన నవ్వుతూనే చెప్పారు. నాన్న మాత్రం, "గుండుసూది ఎడమవైపే గుచ్చాలి" అన్నారు.

తర్వాత కరెంటు బిల్లు ఆయన ముందు పెట్టారు. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, పెన్ను మూత తీశారు. ఎరుపు పెన్ను.

"అంకుల్, మీ బిల్లులో అబ్జెక్షన్లున్నాయి."

నాన్నతో ఇలా ఇంకొకరు అనడం నా జన్మలో నేను వినలేదు.

"ఈ 19.5 ఎవరికో తెలుసా? బాగా లావుపాటి చేతులవాళ్లకి. అన్నిటికన్నా పెద్ద పట్టీ వెయ్యాల్సినవాళ్లకి మామూలు పట్టీ చుడితే వచ్చిన తేడా అది." టేపు తీసి నాన్న జబ్బ కొలిచారు. మునక్కాడకి లాల్చీ తొడిగినట్టుండే చెయ్యి. 24 సెంటీమీటర్లు. "మీకు కావాల్సింది చిన్న పట్టీ. మీ అబ్బాయి తెచ్చింది మామూలుది. అదే పరిశోధనలో చిన్న పట్టీ కావాల్సినవాళ్లకి మామూలుది చుడితే 3.6 తక్కువ చూపించింది. అంచేత ఈ 19.5 కొట్టేసి, పైన 3.6 కలపాలి."

తగ్గింపు అడిగితే రికవరీ వేశారన్నమాట. పెన్షన్‌లో కోత పడినప్పుడు కూడా నాన్న మొహం అంత వాడిపోలేదు. ఈలోగా డాక్టరు చేతిలో టేపు నా జబ్బ వైపు తిరుగుతుండటం గమనించి, మడిచిన చొక్కా చేతులు నేను మెల్లగా కిందికి దింపుకున్నాను.

"అయితే 139.1" అన్నారు నాన్న. నోటిలెక్క. ఆ వయసులో కూడా దశాంశం తప్పదు.

"అసలీ కూడికలూ తీసివేతలే చెల్లవంకుల్. అవన్నీ వందమందీ రెండొందలమందీ కలిస్తే వచ్చిన సగటులు. వాళ్లలో కొందరికి రెండే పెరిగి ఉంటుంది, కొందరికి ముప్ఫై పెరిగి ఉంటుంది. ఊరందరి సగటు జీతం చూసి మీరు ఒక మాస్టారి పెన్షన్ బిల్లు పాస్ చేసేవారా?"

"ఛ! సర్వీస్ రిజిస్టరు చూడకుండానా?"

"మీ సర్వీస్ రిజిస్టరు మీ చెయ్యే. తప్పులు దిద్దుకుని మళ్లీ కొలుద్దాం."

ముందు బాత్రూంకి పంపారు. వీపు కుర్చీకి, పాదాలు నేలకి, చెయ్యి గుండె ఎత్తులో బల్లకి ఆనించారు. లాల్చీ చెయ్యి జారదీసి ఒంటి మీద చిన్న పట్టీ చుట్టారు. ఇక ఐదు నిమిషాలు మౌనం.

రెండో నిమిషంలో నాన్న, "ఆ క్యాలెండరు ఇంకా ఏప్రిల్లో ఉంది" అన్నారు. మళ్లీ మొదట్నుంచి. ఈసారి నాలుగో నిమిషం దాకా వచ్చారు. కాంపౌండరు ఎవరికో రసీదు చింపి ఇస్తుంటే, "తారీఖు వెయ్యలేదు" అనకుండా ఉండలేకపోయారు. మూడోసారి డాక్టరు ఆలోచించి, నాన్న నోట్లో థర్మామీటర్ పెట్టారు. జ్వరం చూడ్డానికి కాదు.

మొదట 146, నిమిషం ఆగి చూస్తే 142. నాన్న రెండో అంకె ఖాయం చెయ్యమన్నారు. డాక్టరు ఒప్పుకోలేదు. క్లినిక్కులో ఒక్కరోజు చూసి తేల్చేది కాదు, ఇంట్లో వారం రోజులు కొలవమన్నారు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మొదటిరోజువి వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీస్తే, అది 135/85 దాటితే బీపీ ఉన్నట్టే.

"మొదటిరోజు లెక్కలోకి రాదా?" నాన్న గొంతులో చాలా కాలానికి ఆశ వినిపించింది. "అంటే ఆరోజు ఆవకాయ..."

ఉప్పు మాట అలా వచ్చింది. సోడియం కొంత తీసేసి పొటాషియం కలిపిన ఉప్పు దొరుకుతుందని, చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద ఐదేళ్లపాటు చూస్తే మామూలు ఉప్పు తిన్నవాళ్లకన్నా పక్షవాతాలు 14 శాతం తగ్గాయని డాక్టరు చెప్పారు. కిడ్నీలు బాగాలేనివాళ్లకీ, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకీ అది ప్రమాదం, రక్తపరీక్ష చూశాకే మొదలెట్టాలి అని కూడా గట్టిగా అన్నారు. పరీక్ష బాగానే వచ్చింది, ప్యాకెట్ కొన్నాను. అమ్మ చిటికెడు నాలిక మీద వేసుకుని, పప్పులోకైతే సరేనంది. ఆవకాయ సంగతి అడిగితే మాత్రం, "ఆవకాయకి బూజు పడితే ఆ ఆరొందల ఊళ్లవాళ్లూ వచ్చి తింటారుట్రా?" అంది.

వారం మొదలైంది. చిన్న పట్టీ విడిగా తెప్పించాను. చెయ్యి సరైన ఎత్తుకి రావడానికి బల్ల మీద నాన్న పాత జీవోల కట్టలు రెండు పేర్చాం. రిటైరయ్యాక అవి ప్రజలకి ఉపయోగపడటం అదే మొదలు. లెడ్జర్ తెరిచి ఎర్రసిరాతో గళ్లు గీశారు. కొలిచే ముందు ఐదు నిమిషాలు టీవీ కట్టెయ్యాలి, కుక్కరు దించెయ్యాలి, గేటుకి గొళ్లెం పెట్టాలి. నోరు మెదిపితే ఆ రీడింగు కొట్టేస్తానని ఆయనకాయనే రూలు రాసుకున్నారు కాబట్టి, రూలుని మించిన దైవం లేదు కాబట్టి, మెదపలేదు.

నేను హైదరాబాద్ వచ్చేశాను. మూడోరోజు అమ్మ ఫోన్ చేసి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఒరేయ్, మీ నాన్న ఇప్పుడు మాట్లాడ్డం లేదు."

నాకు గుండె జారింది. "ఏమైందమ్మా?"

"ఏమవలేదు. బీపీకి కూచున్నారు. గోడ గడియారం చప్పుడు చేస్తుందిరా! నాకిన్నాళ్లూ తెలీదు."

సగటు 141/86 వచ్చింది. డాక్టరు చిన్న మాత్ర ఒకటి రాశారు. పొద్దున వేసుకోవాలా రాత్రా అని నాన్న నిలదీశారు, రాత్రి వేసుకుంటేనే మంచిదని పెన్షనర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిందట. బ్రిటన్‌లో 21,104 మందిని సగం పొద్దునకీ సగం రాత్రికీ పంచి ఐదేళ్లకు పైగా చూస్తే తేడా ఏమీ కనపడలేదని, 2022లోనే తేల్చారని, మర్చిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళని డాక్టరు చెప్పారు.

"ఎప్పుడు వేసుకున్నా తేడా లేదంటే, వేసుకోకపోయినా..."

"ఆ గుంపు పరిశోధనలో లేదంకుల్."

మూడు నెలలైంది. ఇప్పుడు 128, 130 అలా ఉంటోంది. జాడీ అటక దిగింది, కానీ దానిలోకి వెళ్లే చెంచా చిన్నదైంది. ఇక వారానికోసారి చూసుకుంటే చాలన్నారు డాక్టరు.

మొన్న వినాయకచవితికి వెళ్లాను. సాయంత్రం హెడ్మాస్టరుగారు వచ్చి కూర్చున్నారు. నాన్న పడక్కుర్చీలో వెనక్కి వాలి, "1998లో ఏం జరిగిందంటే మాస్టారూ, ఒక మెడికల్ బిల్లు..." అని గొంతు సవరించుకున్నారు. లోపల్నించి అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చంకలో రెండు జీవోల కట్టలు, చేతిలో మిషన్.

"వారానికోసారి చాలన్నాడు కదే, పొద్దున్నే చూసుకున్నాను" అన్నారు నాన్న.

"ఎందుకైనా మంచిది" అంది అమ్మ పట్టీ చుడుతూ. "ఇంక మాట్లాడకండి."