సవరణ: కంట్రోలర్, మెమరీ కార్డు రెండూ ఒకేసారి పనిచేయకపోతే

మొదటి ప్లేస్టేషన్ గురించి రాసిన పోస్టులో "కంట్రోలర్, కార్డు రెండూ కనిపించకపోతే కార్డు పోయినట్టే, కొత్తది కొనండి" అని ఉంది. ఆ మాట తీసేస్తున్నాను. దాన్ని నమ్మి సేవ్‌లున్న (గేమ్‌లో ఆడినంత వరకు దాచుకున్న డేటా) పాత కార్డును ఎవరూ పారేయొద్దు.

ఆ కన్సోల్‌లో కంట్రోలర్‌కీ, దాని పై స్లాట్‌లోని కార్డుకీ డేటా తీగలు ఒకటే. కన్సోల్ ముందుగా పంపే బైటును బట్టి ఎవరు జవాబివ్వాలో తేలుతుంది: 01 అయితే కంట్రోలర్, 81 అయితే కార్డు (ఇవి హెక్సాడెసిమల్ అంకెలు). అందుకే షార్ట్ అయిన కార్డు ఒక్కటి చాలు, బాగున్న కంట్రోలర్ కూడా మూగబోతుంది.

ముందు కార్డు తీసేసి కంట్రోలర్ ఒక్కటే పెట్టి చూడండి. పనిచేస్తే అనుమానం కార్డు మీద. దాని లోహపు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక రెండో స్లాట్‌లో పెట్టండి. చాలాసార్లు పట్టీల మీది నల్లటి మురికే అసలు కారణం. కార్డు లేకున్నా రెండు పోర్టులూ పలకకపోతే, పోర్టులకు కరెంటు ఇచ్చే చిన్న ఫ్యూజు బోర్డు మీద పోయి ఉండొచ్చు. సోల్డరింగ్ తెలిసినవాళ్లకే ఇవ్వండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. "ఫార్మాట్ చేయాలా?" అని గేమ్ అడిగితే టెన్షన్‌లో సరే నొక్కకండి. కాంటాక్టు సరిగా లేకపోయినా ఆ ప్రశ్న రావచ్చు. నొక్కారంటే కార్డులోని 15 బ్లాకుల్లో (సేవ్‌లు దాచే భాగాల్లో) ఉన్న సేవ్‌లన్నీ పోతాయి. కన్సోల్ ఆపి, కార్డు తుడిచి, మళ్లీ పెట్టి చూడండి.