సవరణ: ఫెయిర్‌లేడీ జెడ్ 432 ఇంజిన్ వివరం

అనంతపురంలోని పాత కార్ల అభిమానుల కోసం గత వారం పెట్టిన పోస్టులో, జపాన్‌వారి నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ 432కూ, అమెరికాలో అమ్మిన డాట్సన్ 240జెడ్‌కూ ఇంజిన్ ఒకటేనని, అది 2.4 లీటర్లదని రాశాను. కర్నూలు మెకానిక్ ఒకాయన అనుమానం వ్యక్తం చేశాక సరిచూస్తే, పొరపాటు నాదేనని తేలింది.

తయారీ సంస్థ ఇచ్చిన పాత మోడళ్ల వివరాల ప్రకారం, 2393 సీసీ (అంటే 2.4 లీటర్ల) ఇంజిన్ ఎగుమతి కారైన 240జెడ్‌ది. జపాన్‌లో రెండు లీటర్లు దాటిన ఇంజిన్లపై పన్ను భారం ఎక్కువ కావడంతో, అక్కడి సాధారణ ఫెయిర్‌లేడీ జెడ్ మోడల్‌కు 1998 సీసీ ఇంజిన్‌ను, 432కు మాత్రం నిస్సాన్‌దే మరో కారైన స్కైలైన్ జీటీ-ఆర్‌లో వాడిన 1989 సీసీ ఎస్20 ఇంజిన్‌ను అమర్చారు. సిలిండరుకు నాలుగు వాల్వులు, మూడు కార్బురేటర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు (వాల్వులను తెరిచే కడ్డీలు) ఉన్నందునే దానికి 432 అని పేరు. పేరే చెబుతున్నా నేను గమనించలేదు. 2.4 లీటర్ల కారు జపాన్‌లో 1971లో గానీ అమ్మకానికి రాలేదు.